అన్నయ్య మొక్కు జుట్టు

ఈస్టర్ సెలవులకి సిడ్నీలో చదువుకునే మా మనవరాలు ఇంటికి వచ్చింది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే సోఫాలోంచి కేకేసింది. “అమ్మమ్మా, కమ్ అండ్ సిట్! దిస్ ఆర్వో ఐయామ్ ఆల్ యువర్స్. హిప్పీస్ గురించి మూవీ.” ఆర్వో అంటే ఇక్కడివాళ్ల యాసలో మధ్యాహ్నం. ఏడాదికి రెండుసార్లు కనబడే పిల్ల పక్కన కూర్చోమంటే హిప్పీలయితేనేం, గుర్రప్పందేలయితేనేం? కూర్చున్నాను. జుట్టు పెంచిన కుర్రకారు, పూసల దండలు, రంగులు పూసిన వ్యాను, కొన్నాళ్లు మత్తు, కొన్నాళ్లు ఏడుపు. ఆపైన ఎవరో ఒక పెద్దాయన వాళ్లని చర్చిలోకి పిలవడం, ముందునుంచీ అక్కడ కూర్చుంటున్న పెద్దమనుషులు ముక్కులు మూసుకోవడం. నేను నవ్వుకుంటూనే చూశాను. సినిమాలో హిప్పీలందరికీ అప్పుడే తలంటి ఆరబెట్టినట్టుంది జుట్టు. నేను చూసినవాళ్ల దగ్గర మేకల వాసన, అగరొత్తుల వాసన, అడుగంటిన పప్పు వాసన కలిసి వచ్చేవి. తర్వాత అందరూ పాటలు పాడుకుంటూ సముద్రానికి వెళ్లారు. నడుంలోతు నీళ్లలో ఒక పొడుగుజుట్టు కుర్రాణ్ణి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని వెనక్కి వాల్చి ముంచారు. వాడు జుట్టంతా భుజాలకి అతుక్కుపోయి, కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని పైకి లేచాడు. నేను లేచి పడగ్గదిలోకి వెళ్లిపోయాను. “అమ్మమ్మా, ఆర్ యూ ఓకే?” అంటోంది వెనకనుంచి. సరిగ్గా అలాంటి ఫోటో ఒకటి బాపట్లలో మా ఇంట్లో గోడకి ఉండేది. అందులో నీళ్లలోంచి లేస్తున్నవాడు మా అన్నయ్య.

మా ఊళ్లో హిప్పీ అంటే మనిషి కాదు, క్షవరం. ‘హిప్పీ కటింగు’ అని మంగలి షాపు అద్దం మీద రాసి ఉండేది. చెవులు మూసుకునేలా జుట్టు, చీపుర్లా నేల ఊడ్చే ప్యాంటు వేసుకున్న ప్రతి కాలేజీ కుర్రాడికీ ఆ పేరు. మా అన్నయ్య అలాంటివాడు కాదు. నాన్నగారు లెక్కల మాస్టారు, ఆయన పెంపకంలో పక్క పాపిడి తీసి, నూనె రాసి, నుదుటి మీద ఒక్క వెంట్రుక పడనివ్వకుండా దువ్వుకునేవాడు. సివిల్ ఇంజనీరింగు పాసై, మెల్‌బోర్న్‌లో క్లేటన్ అనేచోట కాంక్రీటు మీద పరిశోధన చేయడానికి సీటు తెచ్చుకున్నాడు. ఇది డెబ్బైల మొదట్లో మాట. ఆస్ట్రేలియా ఎక్కడుందో మా వీధిలో ఎవరికీ తెలియదు. అట్లాసులో చూసిన అమ్మకి మాత్రం ఒక్క సంగతి అర్థమైంది. అక్కడికి వెళ్లాలంటే మధ్యలో అంతా నీళ్లే. ఆ రోజే దేవుడి ముందు నిలబడి గట్టిగా మొక్కేసింది. “ఏడుకొండలవాడా, వీణ్ణి క్షేమంగా మళ్లీ నా గుమ్మంలోకి తీసుకురా. వీడి తలనీలాలు నీకే.” అన్నయ్య వైపు తిరిగి, “తిరిగొచ్చేదాకా కత్తెర తగిలిందంటే నామీద ఒట్టే” అంది. నాన్నగారు పేపరు దించి, “ఎన్నేళ్ల చదువో తెలీకుండా ఇదేం మొక్కే? గడువు చెప్పొద్దూ?” అన్నారు. “ఆయనకేం తొందర్లేదు లెండి” అంది అమ్మ. టిక్కెట్టు వచ్చేలోపు ఆర్నెల్లు గడిచాయి. ఆ ఆర్నెల్లూ ప్రతి శనివారం అమ్మే స్వయంగా వాడి తలకి నూనె పెట్టేది. రైలెక్కేనాటికి జుట్టు చెవులు దాటింది. హిప్పీ కటింగు వచ్చేసిందిరా అని నేను ఏడిపిస్తే నా జడ పట్టుకుని గుంజాడు. స్టేషన్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

తర్వాత సంగతులు చాలావరకు అన్నయ్య నోటివెంటే విన్నాను. అప్పట్లో క్లేటన్‌లో ఇప్పటిలా వీధికో దోసె హోటలు, ఇంటికి ఆరుగురు మన పిల్లలు ఎక్కడ? ఒక ముసలావిడ ఇంట్లో వెనక గది తీసుకున్నాడు. మాంసం ముట్టడు. రొట్టె, జాము, ఉడికించిన బంగాళాదుంప, మళ్లీ రొట్టె. వారమంతా ప్రయోగశాలలో కాంక్రీటు దిమ్మలు పగలగొట్టుకుంటూ గడిచిపోయేదట. ఆదివారం వచ్చిందా, దుకాణాలన్నీ మూత, వీధిలో పిల్లి కూడా ఉండదు. గదిలో కూర్చుంటే పక్కింటివాళ్ల గడ్డి కోసే మిషను చప్పుడొక్కటే. అది కూడా ఆగిపోతే భయం వేసేదట. ఈ మధ్యలో జుట్టు దాని పని అది చేసుకుపోయింది. భుజాలు దాటింది, గడ్డం తోడైంది. ఒక ఆదివారం బస్టాపులో, పక్కనే తనంత జుట్టున్న తెల్లవాడొకడు కాళ్లకి చెప్పుల్లేకుండా నిలబడి, ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి, “బ్రదర్, ఎవరితో ఉంటున్నావు నువ్వు?” అనడిగాడు. వాళ్లలో ఏ గుంపు వాడివి అని అతని ఉద్దేశం. అన్నయ్య బుద్ధిగా, “సివిల్ డిపార్ట్‌మెంటు” అన్నాడు. అతను పడీపడీ నవ్వి ఇంటికి తీసుకెళ్లాడు.

ఆ ఇంట్లో పది, పన్నెండు మంది ఉండేవారు. ఉత్తరాన కొండల్లో గుడిసెలేసుకుని, గంజాయి తాగి, మేకల్ని కాచి, అదీ విసుగెత్తి, ఏసుక్రీస్తు దారిలోకి వచ్చిన కుర్రాళ్లూ అమ్మాయిలూ. జుట్టు మాత్రం తీయలేదు, చెప్పులు తొడగలేదు. పేరున్న చర్చీలేవీ వాళ్లని గడప తొక్కనివ్వకపోతే సొంత ఇంటి ముందు గదిలోనే గిటారు పెట్టుకుని పాడుకునేవాళ్లు. అన్నయ్యని పట్టేసింది పాట కాదు, వంటింట్లోంచి వచ్చిన కందిపప్పు వాసన. మొత్తం మెల్‌బోర్న్‌లో పప్పు ఉడికే ఇల్లు అదొక్కటే అయ్యుంటుందనేవాడు. అయితే ఆ పప్పులో ఉప్పు లేదు, పోపు లేదు, పసుపు ఊసే లేదు. మరుసటి వారం అన్నయ్య ఆవాలు, ఎండుమిరపకాయలు పట్టుకెళ్లి పోపు పెట్టాడు. పోపు చిటపటలాడగానే ఇంట్లోవాళ్లంతా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారట. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పప్పు అన్నయ్యది, పాటలు వాళ్లవి. అలా పప్పు కోసం వెళ్లినవాడు పాటల కోసం ఉండిపోయాడు. కొన్నాళ్లకి బాప్తిస్మం తీసుకుని వాళ్లలో ఒకడైపోయాడు.

బాపట్లకి ఆ ఫోటో వచ్చినప్పుడు నేను ఇంకా పెళ్లికానిదాన్ని. సముద్రంలోంచి లేస్తున్న అన్నయ్య, చెరో రెక్కా పట్టుకున్న ఇద్దరు తెల్లవాళ్లు. వెనకాల ‘ఇక్కడ సముద్రస్నానం చేశాను. నీళ్లు చాలా చల్లన’ అని రాశాడు. అబద్ధం ఒక్కటీ లేదందులో. అమ్మ పంచాంగం తీసి చూసింది. మాఘమాసం! మాఘంలో మా ఊరివాళ్లందరం సూర్యలంకకి వెళ్లి సముద్రస్నానాలు చేసేవాళ్లం కదా. అమ్మ ఆనందానికి అంతులేదు. ఫోటో కొంగులో పెట్టుకుని వీధంతా తిరిగింది. “చూశారా, ఆ దేశంలో ఉండి కూడా మాఘస్నానం మానలేదు నా కొడుకు. తెల్లవాళ్లు కూడా చేస్తున్నారు, చూడండి! వీడే నేర్పుంటాడు.” నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని ఫోటోని చాలాసేపు చూశారు. మళ్లీ పేపరు విప్పుకున్నారు. అమ్మ అదేం పట్టించుకోలేదు. ఆవిడ చూసిందల్లా కత్తెర తగలని జుట్టు. పటం కట్టించి వెంకటేశ్వరస్వామి పక్కనే గోడకి కొట్టించింది.

నాకు పెళ్లయి, మావారి ప్రభుత్వోద్యోగం మూలంగా కాన్‌బెర్రాకి వచ్చాక అన్నయ్యని చూడ్డానికి వెళ్లాం. బస్సు దిగిన చోట నడుందాకా జడ వేసుకున్న మనిషి నిలబడి ఉంటే నేను దాటిపోయాను కూడా. “అమ్మడూ!” అన్న గొంతు విని ఆగాను. ఆ సాయంత్రమే ఏమీ దాచకుండా అంతా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ అక్కడ పటం కట్టించి పూజ చేస్తుంటే నువ్విక్కడ చేసిన నిర్వాకం ఇదా అని అరిచాను. మావారు నెమ్మదస్తులు. “అసలు మీ ఏసు నిన్ను దేన్నుంచి రక్షించాడోయ్? వాళ్లంటే గంజాయి తాగేవాళ్లు, నువ్వు టీ కూడా తాగవే” అన్నారు. “ఆదివారాల నుంచి, బావా” అన్నాడు అన్నయ్య. కాన్‌బెర్రాలో మా ఫ్లాటులో నాకూ ఆదివారాలు మొదలయ్యాయి అప్పటికే. అయినా వదలకుండా, “మరి ఈ జుట్టెందుకు? ఏసుప్రభువు అడిగాడా?” అన్నాను. “మతం నాది. జుట్టు అమ్మది. థీసిస్ అవ్వగానే వెళ్లి తిరుపతిలో ఇచ్చేస్తా. అమ్మకి మాటిచ్చాను కదా” అన్నాడు. “మీవాళ్లు ఒప్పుకుంటారా?” అంటే, “జుట్టు సంగతిలో వాళ్లకి నోరెక్కడుంది?” అని నవ్వాడు. థీసిస్ ఆ ఏడాది అవ్వలేదు, మరుసటి ఏడాదీ అవ్వలేదు. పరీక్షకి పెట్టిన దిమ్మలు ఆరడానికే నెలలు పడుతుందనేవాడు.

తలనొప్పి మొదలైతే జుట్టు బరువనుకున్నాడు. ప్రయోగశాలలో రెండుసార్లు పడిపోయాక ఆసుపత్రిలో చేర్చారు. తలలో గడ్డ ఉందని, వెంటనే తీసేయాలని, ముందు తల గొరగాలని చెప్పారు. ఆపరేషనుకి సంతకం పెట్టేశాడు గానీ గొరగడానికి వచ్చినాయన్ని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. మొక్కు జుట్టు కింద పడకూడదు, ఎవరి కాలూ తగలకూడదు. ఆ సంగతి ఆ వార్డులో ఎవరికి అర్థమవుతుంది? “మా చెల్లెలు వస్తుంది, ఆమె తీస్తుంది” అని భీష్మించుకుని కూర్చున్నాడట. నేను వెళ్లేసరికి మంచం చుట్టూ ఆ ఇంటివాళ్లందరూ ఉన్నారు. అన్నయ్య మొహం పాలిపోయి ఉంది. నన్ను చూడగానే తప్పుచేసిన పిల్లాడిలా, “అమ్మడూ, తిరుపతి దాకా ఆగేట్టు లేదే” అన్నాడు. వాడికి ప్రాణం మీద బెంగ లేదు. అమ్మకిచ్చిన మాట తప్పుతున్నానని బెంగ.

కిందపడకుండా తీయాలి, ఎలా అంటే, బస్టాపులో మొదట పలకరించిన ఆ కుర్రాడే ఆసుపత్రి దుప్పటి ఒకటి తెచ్చాడు. అన్నయ్యని మంచం మీంచి కుర్చీలోకి దించి, దుప్పటి కుర్చీ కింద పరిచి, నలుగురు నాలుగు కొసలూ ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. చెప్పుల్లేని కాళ్లు, మెడల్లో చెక్క శిలువలు, ఒక్కొక్కడి జుట్టూ నా జడంత ఉంది. నేను అన్నయ్య తల దువ్వి, మూడు పాయలు తీసి, గట్టిగా జడ అల్లి, పైనా కిందా దారం కట్టాను. నర్సు కట్లు కోసే కత్తెర ఇచ్చింది. కత్తెర జడ దాకా తెచ్చి మళ్లీ దింపాను. “కానీయవే, చేతులు లాగుతున్నాయి వాళ్లకి” అన్నాడు అన్నయ్య. నేను కళ్లు మూసుకుని, “గోవిందా” అన్నాను. దుప్పటి పట్టుకున్న నలుగురూ “ఆమెన్” అన్నారు. “ఇద్దరికీ చెప్పేశాం, చాలు” అన్నాడు అన్నయ్య. జడ నా చేతిలోకి వచ్చింది. మిగతాది ఆసుపత్రి ఆయన మిషనుతో తీస్తే ఆ పొట్టి వెంట్రుకలన్నీ దుప్పట్లోనే పడ్డాయి, ఒక్కటి నేల మీద పడనివ్వలేదు వాళ్లు. తిరుపతిలో గుండు చేయించుకున్నాక చందనం రాస్తారు కదా, చందనం ఎక్కడ తేను? నర్సు దగ్గర ఎండకి కమిలిన ఒంటికి రాసే గులాబీరంగు మందుంటే అది అడిగి రెండు చేతులతో ఆ గుండుకి రాశాను. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డప్పటి మచ్చ కనపడింది. “ఎలా ఉన్నానే?” అన్నాడు. “తిరుపతి నుంచి వచ్చినట్టున్నావు” అన్నాను. ఎంత నవ్వాడో! నాతో అన్నయ్య మాట్లాడిన ఆఖరి మాట అదే, ‘ఎలా ఉన్నానే’ అని. ఆపరేషను గదిలోంచి బయటికి తెచ్చారు గానీ మళ్లీ కళ్లు తెరవలేదు. ముప్పై నిండలేదు మా అన్నయ్యకి.

వాళ్ల పద్ధతిలోనే, వాడు కోరుకున్నట్టే, సముద్రం కనపడే చోట పాతిపెట్టారు. గిటారు వాయించిన అమ్మాయి మధ్యలో పాట ఆపేసి ఏడ్చింది. అక్కడ బాపట్లలో నాన్నగారు ఆయన పద్ధతిలో ఆయన కర్మ చేశారు. నేను ఆ జడని పసుపు గుడ్డలో ముడుపు కట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అన్నీ చెప్పేశాను, గోడ మీదున్నది మాఘస్నానం కాదని కూడా. అమ్మ ఆ పటం వంక చూసి, “అంత చలిలో ముంచారా? మరి తల ఎవరు తుడిచారే?” అంది. నాకు తెలియదన్నాను. “అంత జుట్టు, తుడవకపోతే ఆరుతుందా?” అని అదే మాట రెండు మూడుసార్లు అంది. ముడుపు విప్పి జడ చేతిలోకి తీసుకుంది. పైనుంచి కిందికి నిమురుకుంటూ వచ్చి, చివరికొచ్చేసరికి ఆగిపోయింది. కొసన నాలుగు వేళ్ల మేర పట్టుకుని, “ఇది ఇక్కడిదే. ఇది నేను నూనె రాసిన జుట్టు” అంది. అప్పుడు ఏడ్చింది.

పదిహేను రోజులయ్యాక, నేను తిరిగి వెళ్లేముందు, “తిరుపతి వెళ్లి ఇచ్చేసి వద్దామా అమ్మా?” అనడిగాను. అమ్మ నా వంక వింతగా చూసింది. “నేనేమని మొక్కానో నీకు గుర్తులేదూ? క్షేమంగా నా గుమ్మంలోకి తీసుకొస్తే ఇస్తానన్నాను. తీసుకురాలేదుగా ఆయన. ఇంకెందుకివ్వాలి?” అంది. గొంతులో కోపం కూడా లేదు, బజార్లో బేరం కుదరలేదన్నట్టు చెప్పింది. దేవుడికి పూజ మానలేదు, పక్కనున్న అన్నయ్య పటం తీయలేదు. జడ మాత్రం తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. ప్రతి శనివారం పొద్దున్నే బయటికి తీసి, నూనె గిన్నె పక్కన పెట్టుకుని, కొస నుంచి మొదలుదాకా రాసేది. ఏళ్ల తరబడి అలా రాసింది. నాన్నగారు ఆ సమయానికి పేపరు పట్టుకుని వీధరుగు మీదికి వెళ్లిపోయేవారు.

అమ్మ పోయాక పెట్టెలోంచి నేను తెచ్చుకున్నది ఆ జడ ఒక్కటే. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తినేవీ, మొక్కలూ, జంతువులవీ ఏమున్నా చెప్పాలి కదా, ఆవకాయతో పాటు దాన్నీ చెప్పాను. తనిఖీ అధికారి కుర్రాడు. ఆవకాయ సీసాని తిప్పి చూసి వదిలేశాడు గానీ పసుపు గుడ్డ దగ్గర ఆగాడు. ఏమిటన్నాడు. జుట్టు, మా అన్నయ్యది అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. “క్లేటన్” అన్నాను. అతను తికమకపడి నా మొహంలోకి చూశాడు. కొసన నాలుగు వేళ్ల మేర మాత్రం బాపట్లదని చెప్పబోయి మానేశాను. అతను గుడ్డని ఎలా ఉందో అలా మడిచి చేతికిచ్చాడు.

ఆ గుడ్డ తీసుకునే మంచం మీద కూర్చున్నాను ఇవాళ. మా మనవరాలు సినిమా ఆపేసి వచ్చి పక్కన కూర్చుంది. చెప్పాను. తెలుగులో చెబితే అన్నీ అర్థమవుతాయి దానికి. “కెన్ ఐ హోల్డ్ ఇట్?” అంది. శనివారం కదా, నూనె సీసా అక్కడే ఉంది. రాయమన్నాను. దాని వేళ్లు భయం భయంగా కదిలాయి, ఎక్కడ నొప్పి పుడుతుందోనన్నట్టు. కొస దాకా వచ్చాక, “అమ్మమ్మా, హౌ ఓల్డ్ వాజ్ హీ?” అనడిగింది. చెప్పాను. “బట్ దట్స్ ఎ కిడ్!” అంది. జీవితమంతా అన్నయ్యా అని పిలిచినవాణ్ణి కుర్రాడనుకోవడం నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు నా కూతురి కంటే చిన్నవాడు. ఇంకొన్నేళ్లకి ఈ పిల్ల కూడా వాణ్ణి దాటిపోతుంది. ఎదురుగా అద్దంలో నా తల ముగ్గుబుట్టలా ఉంది. మనవరాలి చేతిలో అన్నయ్య జడ నూనె మెరుపుతో నల్లగా ఉంది. తల మీద ఉన్నదే పండుతుంది, తెగిపోయింది తెగిపోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది.